ఇది ఆట నోటు, ఎక్కడా చెల్లదు

జూన్ 3

మామయ్యా,

నువ్వు కులాసా అని బావ చెప్పాడు, నేను కులాసా అని అమ్మ నీకు చెప్పే ఉంటుంది. కాబట్టి ఆ రెండు వాక్యాలూ మిగుల్చుకుని నువ్వు బావ దగ్గరికి వెళ్ళిపోయాక మూతపడ్డ నీ గదిలోకి నేరుగా వచ్చేస్తున్నాను.

రావడానికే ఇరవై నిమిషాలు పట్టింది. తాళంచెవి సరైనదే, తలుపే నన్ను గుర్తుపట్టలేదు. చివరికి కింద తాళాలు బాగుచేసే ఆయన పైకొచ్చి, "భుజంతో ఎత్తి తొయ్యాలమ్మా, మీ మామయ్య ముప్పై ఏళ్ళు అలాగే తీశాడు" అని ఒక్క తోపు తోశాడు. నెలాఖరుకి బిల్డింగు కూలగొట్టేస్తారని ఆయనే మళ్ళీ చెప్పాడు. తన షాపు ఇంకా మార్చుకోలేదు. "తాళాలు నావి, బిల్డింగు వాళ్ళది" అన్నాడు. అంటే ఏమిటో నాకర్థం కాలేదు కానీ తల ఊపాను.

ఆఫీసులో వారం సెలవు పెట్టాను. ఇవ్వనన్నారు. ఆరో తరగతి సైన్సు పుస్తకం ప్రూఫుల్లో "మనిషి గుండు నిమిషానికి డెబ్బై రెండుసార్లు కొట్టుకుంటుంది" అని ఉన్న వాక్యం చూపించి, నేను పట్టుకోకపోయి ఉంటే ఇది లక్ష మంది పిల్లలు బట్టీ పట్టేవారని చెప్పాను. అప్పుడు ఇచ్చారు. ఆ సెలవు అయ్యాక తిరిగి వెళ్తానో లేదో నాకే తెలీదు. రెండేళ్ళలో ఇది మూడో ఉద్యోగం. "మీ మామయ్య నీకు గాలిపటం అని పేరు ఊరికే పెట్టలేదు" అంది అమ్మ.

నీ గదిలో కిటికీ పక్కన గోడ మీద నువ్వు తల ఆనించే చోట నూనె మరక ఉంది. కుర్చీకి మూడు కాళ్ళూ ఒక డిక్షనరీ ఉన్నాయి. ఇంక మొత్తం ఆల్బములే. పద్నాలుగు. ఇన్ని ఉన్నాయని నాకు తెలీదు. పిల్లల ఆట డబ్బాల్లో వచ్చే బొమ్మ నోట్లు ఒక మనిషి ఇంత జాగ్రత్తగా, ఒక్కోటి ఒక్కో ప్లాస్టిక్ జేబులో దాచుకుంటాడని ఎవరికైనా చెబితే నమ్మరు. సైకిలు తొక్కే ఏనుగు, కళ్ళజోడు కోడి, కిరీటం జారిపోతున్న కుందేలు. అన్నిటికన్నా నాకు నచ్చింది మాత్రం మీ ప్రెస్సు వేసిన బెకబెక బ్యాంకు నోట్లే. "పది బెకలు" అట. గొడుగు పట్టుకున్న కప్ప గవర్నరుగారు, కింద ఆయన సంతకం కూడా.

ఒక సంగతి కనిపెట్టాను. ప్రూఫులు దిద్దే కళ్ళు కదా. ఆ నోట్ల అడుగున "ఇది ఆట నోటు, ఎక్కడా చెల్లదు" అని ఒక లైను ఉంటుంది చూడు, అది ఏటేటా పెరుగుతోంది. మొట్టమొదటి వరసలో అసలు లేదు. తర్వాత చీమంత. ఆ తర్వాత చీమ కాస్తా బొద్దింక అయింది. ఆఖరి ఏడాదికి అక్షరాలు కప్ప మోకాళ్ళ దాకా వచ్చేశాయి. ఇంకో రెండేళ్ళు నువ్వు పనిలో ఉండుంటే గవర్నరుగారు మునిగిపోయేవారు. ఎందుకు మామయ్యా, ఎవరైనా మోసపోతారనా?

అమ్మని సాయానికి రమ్మన్నాను. "ఆ దొంగనోట్ల గదిలో నాకేం పని" అంది, కుట్టు మిషను మీంచి తల కూడా ఎత్తకుండా. నువ్వు ఆవిడకి ఇన్‌స్పెక్టరు అని పేరు పెట్టావు సరే, అన్నీ తనిఖీ చేసే మనిషి ఈ ఒక్క గదీ ఎందుకు తనిఖీ చేయదు?

ఏవి ఉంచాలో ఏవి పారెయ్యాలో రాయి. ఫోను చేస్తే నువ్వు ఎత్తవు కాబట్టి ఈ ఉత్తరం పోస్టులోనే వేస్తున్నాను.

తెగకుండా నిలబడ్డ
గాలిపటం


జూన్ 8

అమ్మాయ్ గాలిపటం,

పెద్ద పెన్నుతో రాస్తున్నాను. పేజీకి ఎనిమిది లైన్లే పడుతున్నాయి. మీ బావ కాగితాల కట్ట తెచ్చిపెట్టి "నవల రాస్తున్నావా నాన్నా" అన్నాడు. కంటి డాక్టరు పొర ఇంకా ముదరాలి అంటున్నాడు. మామిడికాయ కొనడానికి వెళ్ళినట్టుంది.

నేను ఫోనులో మాట్లాడనిది గర్వంతో కాదు. ఫోనులో మాట సగంలో తెగుతుంది. మిగతా సగం ఏమై ఉంటుందా అని నేను ఆ రోజంతా కూర్చోవాలి. ఉత్తరంలో అలా ఉండదు.

ఆల్బములు పద్నాలుగూ మీ ఇంట్లో పెట్టు. ఇన్‌స్పెక్టరు ఒప్పుకోకపోతే మంచం కింద తొయ్యి. కుర్చీ తాళాలాయనకి ఇవ్వు, డిక్షనరీ నువ్వు ఉంచుకో. అల్మరా పై అరలో బిస్కెట్ల డబ్బా ఉంటుంది. అందులో ఒక కవరు ఉంది. మీద రాసే ఉంది, చూడగానే నీకే తెలుస్తుంది. ఇంక చిరిగినవీ, గీతలు పడ్డవీ, మాలాంటి సేకరించేవాళ్ళ భాషలో చెల్లనివి అంటాం, అవన్నీ ఎవరైనా పిల్లలకి ఇచ్చెయ్. ఆడుకుంటారు.

ఆ లైను ఎందుకు పెరిగిందంటే, నాలాంటి చూపు తగ్గినవాళ్ళ కోసం అనుకో.

మీ అమ్మ భోజనం వేళకి చేస్తోందా? మిషను మీద కూర్చుంటే లేవదు.

మామయ్య


జూన్ 13

మామయ్యా,

పని అయిపోయింది! నువ్వు చెప్పినవి చెప్పినట్టు చేశాను, ఇది నా జీవితంలో మొదటిసారి, కాబట్టి దీన్ని దాచుకో.

ఆల్బములు మా ఇంట్లో ఉన్నాయి. మంచం కింద కాదు, బీరువా పక్కనే. అమ్మ చూసి, మిషను ఇంకాస్త జోరుగా తొక్కింది. ఏదో ఒకటి అంటేనే నయం.

చెల్లనివన్నీ నీ బిల్డింగుకి ఎదురు సందులో ఉన్న ప్లేస్కూలుకి ఇచ్చాను. టీచరమ్మ నవ్వుమొహం మనిషి, నవ్వీ నవ్వీ ఆవిడ బుగ్గలు నొప్పెడుతున్నట్టుంటాయి. అక్కడ పిల్లలు ఖాళీ సబ్బు పెట్టెలూ టూత్‌పేస్టు అట్టలూ పేర్చి దుకాణం ఆట ఆడతారు. "ఇన్నాళ్ళూ ఆకులిచ్చి కొనుక్కునేవాళ్ళండీ, ఇప్పుడు మాకు బ్యాంకొచ్చింది" అంది ఆవిడ.

నీ బిస్కెట్ల డబ్బాలో కవరు కూడా చూశాను. మీద రాసిందే కదా అని అవీ వాళ్ళకే ఇచ్చేశాను. పదకొండు నోట్లు. బెకబెక బ్యాంకు మొదటి వరస అనుకుంటాను, ఆ బ్యాంకు అప్పట్లో ఏనుగునీ కోడినీ కూడా వేసేదన్నమాట, వాటి మీద నీ హెచ్చరిక లేదు. ఎవరో ఎర్ర పెన్సిలుతో ఏనుగు సైకిలుకీ కోడి కళ్ళజోడుకీ రంగు వేశారు. గీత దాటకూడదని చాలా పాటుపడి, ప్రతిచోటా దాటేసిన రంగు. మూలలు నమిలినట్టున్నాయి. పాపం, ఇవి బాగుండి ఉంటే ఆల్బములో మొదటి పేజీ వీటిదే అయ్యేది కదా అనుకున్నాను.

ఒక్క మాట, కోపం తెచ్చుకోకు. ఆ కవరు మీద "చెల్లది" అని రాశావు. "చెల్లదు" మామయ్యా. దకి కొమ్ము ఉండాలి, నువ్వు గుడి ఇచ్చావు. జీవితమంతా అదే మాట అచ్చు వేసినవాడివి, ఇంట్లో తప్పు రాసుకున్నావా? ఆఫీసులో అయితే నీకు ఎర్ర సున్నా చుట్టేదాన్ని.

ఉద్యోగం సంగతి: ఇంకా మానలేదు. ఇంకా వెళ్ళలేదు కూడా.

నీ తప్పులు దిద్దే
గాలిపటం


జూన్ 17

అది చెల్లది కాదు.

కవరు నీ దగ్గర ఉందా, అదీ పారేశావా? ఉంటే కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఏటవాలుగా పట్టుకుని చూడు. ల మీద చూడు. చెల్లిది. పెన్సిలుతో రాశాను. ఎప్పుడు తీసినా నా బొటనవేలు అక్కడే పడేది. అరిగిపోయి ఉంటుంది.

ఆ పదకొండూ నాకు కావాలి. ఒక్కటి కూడా పోకూడదు. ఇంకేమీ రాయలేను.

మామయ్య


జూన్ 21

మామయ్యా,

నీ ఉత్తరంలో నా పేరు లేదు. పైన పిలుపు లేకుండా నువ్వు నాకు ఎప్పుడూ రాయలేదు. దాన్ని పట్టుకుని ఎదురు సందుకి చెప్పుల్లేకుండా వెళ్ళాను.

ముందు కవరు సంగతి. ఉంది. నువ్వు చెప్పినట్టు వెలుతురుకి ఏటవాలుగా పట్టుకున్నాను. ల మీద కాగితం కొంచెం నొక్కుకుపోయి, సన్నటి సున్నా చుట్టు కనపడింది. రంగు లేదు, గుంట మాత్రమే ఉంది. చాలా అక్షరాలకి తలకట్టు ఉంటుంది కాబట్టి గుడి చెరిగితే బోసిగా తెలుస్తుంది. లకి తలకట్టు ఉండదు. గుడి పోయినా ఏమీ పోనట్టే నిలబడి ఉంటుంది. ఇది నేను కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజు చెప్పే పాఠం. ల దగ్గర ఆగి రెండుసార్లు చూడండి అని. నేను ఆగలేదు. పైగా పక్కనున్న దని తప్పుపట్టాను.

పది నోట్లు తెచ్చేశాను. టీచరమ్మ దుకాణం మూయించి, పిల్లల జేబులన్నీ వెతికింది. పదకొండోది, కళ్ళజోడు కోడి, ఒక పాప దగ్గర ఉంది. నాలుగేళ్ళుంటాయి, ముందుపళ్ళు రెండూ పుచ్చిపోయాయి. గౌను జేబు మీద చెయ్యి అదిమి పట్టుకుని నిలబడింది.

"ఇవ్వమ్మా, అది ఈ అక్కది" అంది టీచరమ్మ.

"ఈ అక్కది కాదు."

"మరి ఎవరిది?"

"రంగేసిన అక్కది. వచ్చి అడిగితే ఇస్తా."

మామయ్యా, ఆ పిల్ల అన్నదాంట్లో వింతేమీ లేదు, రంగు వేసినవాళ్ళదే నోటు, నేను వెయ్యలేదని దానికి తెలుసు. కానీ అలా అంటూ నన్ను కాదు, నా పక్కన, నా నడుమంత ఎత్తులో చూసింది. బలవంతంగా లాక్కోలేకపోయాను. మళ్ళీ వెళ్తాను. తెస్తాను.

ఇక ఇంకో సంగతి. చెల్లిది అంటే అమ్మది అనుకున్నాను, ఇంకెవరున్నారు నీకు? సంతోషం కూడా వేసింది. ఇన్‌స్పెక్టరు, ఇదిగో, ఏవమ్మోయ్ అంటావు తప్ప అమ్మని చెల్లి అని నువ్వు పిలవగా నేనెప్పుడూ వినలేదు. లోపల్లోపల ఇంత దాచుకున్నావా అనుకుని, ఆ పది నోట్లూ తీసుకెళ్ళి మిషను మీద పరిచాను. "చూడు, నీ చిన్నప్పటి పెన్సిలు గీతలు మామయ్య ఇన్నేళ్ళు దాచాడు" అన్నాను.

అమ్మ చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది. ఏనుగు సైకిలు మీద రంగుని వేలితో ముట్టుకోబోయి, మానేసింది.

"పెన్సిలు నాది. గీతలు నావి కావు" అంది. లేచి వెళ్ళి తలుపు వేసుకుంది. మధ్యాహ్నం తిన్నది కూడా లేదు. అప్పట్నించి ఇంట్లో మిషను చప్పుడు లేదు. ఆ చప్పుడు ఇన్నాళ్ళూ దేన్ని కప్పిపెట్టిందో తెలీదు కానీ, ఇప్పుడు కూర్చుంటే ఎవరో మాట మొదలుపెట్టబోతున్నట్టే ఉంటోంది.

నేను అడక్కూడనిదేదో అడుగుతున్నాను. తెలిసే అడుగుతున్నాను. చెల్లి ఎవరు మామయ్యా?

తల దించుకున్న
నీ మేనకోడలు


జూన్ 26

గాలిపటం,

పైన పిలుపు రాశాను చూడు. నీ తప్పు కాదు. గుడి అరిగేదాకా పట్టుకున్నవాడిదే తప్పు.

నేను రాసేది మీ అమ్మకి చూపించాలో వద్దో నువ్వే ఆలోచించుకో. తనకి చాలా సంగతులు తెలియవు. తెలియకపోవడమే మంచిదని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను.

మేం ముగ్గురం. నేను, రెండేళ్ళకి మీ అమ్మ, ఇంకో మూడేళ్ళకి చిన్నది. ఆ మూడేళ్ళూ మీ అమ్మే చెల్లి. చిన్నది పుట్టగానే ఆ పిలుపు దానికి వెళ్ళిపోయింది. ఇంట్లో అందరికీ అది చెల్లే. మా అమ్మ కూడా చెల్లీ అనే పిలిచేది.

నాకు పదేళ్ళప్పుడు ఎవరో బెకబెక నోట్ల ప్యాకెట్టు ఇచ్చారు. పన్నెండు నోట్లు. చెల్లి వాటన్నిటికీ రంగు వేసేసింది. నాకు ఒళ్ళు మండింది. కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. ఏడ్చి కూర్చునేది, అంతటితో పోయేది.

అది మధ్యాహ్నం. పెద్దవాళ్ళు నిద్రలో ఉన్నారు. నేను గొడుగు కప్ప నోటు తీసి దాని చేతిలో పెట్టి, "ఎర్ర రంగు వేశావు కదా, ఇప్పుడిది నిజం నోటు అయిపోయింది. ఎదురు దుకాణానికి వెళ్ళి పిప్పర్మెంట్లు కొనుక్కో" అన్నాను. "చెల్లుతుందా అన్నా?" అంది. "చెల్లుతుంది, పో" అన్నాను. దుకాణాయన కసిరి పంపిస్తాడు, ఏడుస్తూ వస్తుంది, అప్పుడు నవ్వుదామని.

నేను లోపల గదిలో పడుకుని ఉన్నాను. రోడ్డు అవతల్నించి దాని గొంతు వినపడింది. "అన్నా! చెల్ల్" అంది. అంతే. లారీ హారను మొదలైంది.

అది మాట పూర్తిచేసింది, గాలిపటం. దాని నోరు పూర్తిచేసి ఉంటుంది. నాకు వినపడలేదు. చెల్లదు అని ఏడుస్తూ వచ్చిందా, చెల్లింది అని వచ్చిందా? ఆ ల మీద గుడి ఉందా లేదా? యాభై రెండేళ్ళయింది. అప్పట్నించి నేను మధ్యాహ్నం పూట పడుకోలేదు. గోడకి తల ఆనించి కూర్చుంటాను. నువ్వు చూసిన ఆ నూనె మరక అదే. కళ్ళు మూత పడ్డాయంటే చెల్లి కాళ్ళ దగ్గరికి వచ్చి నిలబడి అంతవరకే అంటుంది. నేను ఆగుతాను. అదీ ఆగుతుంది.

నేను బయటికి వెళ్ళలేదు. మంచం కిందకి దూరాను. దాని చేతుల్లో ఏముందో చూడలేదు. ఆ నోటు ఏమైందో ఎవరూ చెప్పలేదు, అడిగే నోరు నాకు లేదు. వారం తిరక్కుండా దుకాణాయన ఖాళీచేసి వెళ్ళిపోయాడు. నోటు ఆయన గల్లాపెట్టెలోకి వెళ్ళి ఉంటే చెల్లినట్టు. దాని చేతిలోనే ఉంటే చెల్లనట్టు. ఆ ఎర్ర గొడుగు కప్ప ఎక్కడో ఉండే ఉంటుందని వెతకడం మొదలుపెట్టాను. పాత ఆట నోట్లు ఎవరి దగ్గర ఉన్నాయన్నా వెళ్ళేవాణ్ణి. ఒక్కటే అడిగితే ఎందుకని అడుగుతారు కదా, అందుకని కుందేళ్ళూ కోళ్ళూ అన్నీ తీసుకునేవాణ్ణి. అలా పద్నాలుగు ఆల్బములయ్యాయి. అందరూ నాకు సరదా అనుకున్నారు.

పద్దెనిమిదేళ్ళు రాగానే ఆ నోట్లు వేసే ప్రెస్సు ఎక్కడుందో కనుక్కుని వెళ్ళి పని అడిగాను. ఆ లైను వెయ్యమని మొదటి రోజే చెప్పాను. "పిల్లలకి ఆ మాత్రం తెలీదా" అని యజమాని నవ్వాడు. బొమ్మలు గీసే పని నాకు వచ్చాక నేనే చీమంత అక్షరాలతో వేశాను. అవి చిన్నపిల్లలు చదవలేరేమో అనిపించేది. ఏడాదికోసారి పెంచేవాణ్ణి. అయిదేళ్ళ పిల్లకి అసలు చదవడమే రాదన్న సంగతి నాకు ఉద్యోగం దిగాక తట్టింది.

మీ అమ్మ ఆ రోజు పెరట్లో ఉంది. నోటు ఇచ్చి పంపింది నేనేనని తనకి తెలీదు. తెలిస్తే నాతో మాట్లాడుతుందా?

మామయ్య


జూలై 2

మామయ్యా,

నీ ఉత్తరం రెండు రోజులు డిక్షనరీలో పెట్టుకుని తిరిగాను. ఎవరికీ చూపించని కాగితం ఇంట్లో ఉంటే ఇల్లంతా ఆ కాగితం చుట్టూనే నడుస్తుంది. అమ్మ కూడా దాని చుట్టూనే నడిచింది. మూడో రోజు పొద్దున్న కాఫీ ఇస్తూ, "మీ మామయ్య ఏం రాశాడో నన్ను చదవనిస్తావా, నేనే వెతికి తీసుకోనా" అంది. ఇన్‌స్పెక్టరు కదా. ఇచ్చేశాను.

నిలబడే చదివింది. "పెరట్లో" అన్న చోట ఆగి, ఆ మాట రెండుసార్లు పైకి చదివింది.

"నేను పెరట్లో ఎక్కడున్నానే? గుమ్మంలో ఉన్నాను. వాడు నోటు ఇవ్వడం చూశాను. చెల్లుతుంది పో అనడం విన్నాను. నేనూ నవ్వాను."

తర్వాత మిషను సొరుగు తాళం తీసింది. ఆ సొరుగు నా పుట్టుక నుంచీ తాళం వేసే ఉంది, సూదులు గుచ్చుకుంటాయని చెప్పేది. దారపు కండెలు పక్కకి జరిపి, అడుగున గుడ్డముక్కలో చుట్టిన కాగితం తీసింది. నాలుగు మడతలు. విప్పింది.

మామయ్యా, గవర్నరుగారు. గొడుగు ఎర్రది. రంగు గొడుగు దాటి వానలోకి కూడా పోయింది. వెనకవైపు బొటనవేలంత జిగురు మరక, బెల్లం రంగుకి తిరిగింది.

"దుకాణాయన మూడోరోజు వచ్చి మా అమ్మకి ఇచ్చాడు" అంది అమ్మ. "గుమ్మంలో నిలబడి ఒకటే ఏడుపు. 'ఎంత ముద్దుగా అందించిందో తల్లీ, గవర్నరుగారు పంపారు అంది. కాదనలేక తీసుకున్నాను. రెండు గుప్పెళ్ళూ నింపి పంపాను. కసిరి పంపినా బాగుండేది' అన్నాడు. మా అమ్మ నన్ను పక్కకి లాగి, నోటు నా చేతిలో పెట్టి, వాడికి చెప్పకు, వాడు బతకడు అంది. నేను చెప్పలేదు. అయినా వాడికి తెలుసనే అనుకున్నాను. అది అంత గట్టిగా అరిచింది. వీధి చివరికి వినపడింది. లోపలున్నవాడికి వినపడలేదని నేనెలా అనుకుంటాను?"

"ఏమని అరిచిందమ్మా?"

అమ్మ చేతులు చూపించింది. రెండు పిడికిళ్ళూ తల మీదికి ఎత్తి, అలాగే కొంచెంసేపు ఉంచింది. అరవై ఏళ్ళ మనిషి, మిషను ముందు కూర్చుని.

"ఆగు అని ఒక్క మాట అంటే ఆగేది. నేను దాని మొహం చూస్తూ ఉండిపోయాను. అంత సంతోషంగా ఉన్న మొహం నేను మళ్ళీ చూడలేదు" అంది. "వాడు నోట్లు పోగేస్తుంటే నన్ను దెప్పడానికే అనుకున్నాను. ఆగమనలేదు కదా, ఇదిగో చూడు, చూడు అని."

యాభై రెండేళ్ళు, ఒకరి మాట ఒకరికి తెలుసనుకుని ఒకరు, తెలీదనుకుని ఒకరు. మీ ఇద్దరి మధ్యా నేను పెరిగాను. ఇంట్లో ఇంకెవరో ఉన్నట్టు నాకు చిన్నప్పట్నించీ ఎందుకనిపించేదో ఇప్పుడు తెలిసింది.

కింద కొంచెం చోటు వదలమంది. ఈ కింది రాత ఆవిడది. దిద్దలేదు.

అన్నయ్యా. చెల్లింది. చెల్లింది అని అరిచింది. నేను విన్నాను. నోటు పంపుతున్నా. ఆగు అనలేకపోయాను, నన్ను తిట్టు.


జూలై 8

గాలిపటం,

నిన్న పోస్టు మధ్యాహ్నం వచ్చింది. మీ బావ చదివి పెడతానన్నాడు, ఇవ్వలేదు. భూతద్దంతో ఒక్కో అక్షరం చదివాను. మీ అమ్మ చేతిరాత దగ్గర చాలాసేపు ఉన్నాను. ఆ ల మీద గుడి పెద్దగా పెట్టింది. చిన్నప్పుడూ అంతే, దాని అక్షరాలకి గుడులే పెద్దవి.

గొడుగు కప్ప నా ముందు బల్ల మీద ఉంది. నేను అనుకున్నదానికన్నా చిన్న నోటు. అరచేతిలో ఇమిడిపోతోంది. అవును, అయిదేళ్ళ అరచెయ్యి అది.

నా మనసు తేలికపడిందని నువ్వు అనుకుంటావు. అబద్ధం ఎందుకు రాయడం. ఏడుస్తూ వచ్చిందనుకున్నన్నాళ్ళూ అది నా మీద కోపంతో వస్తోందనుకున్నాను. సంతోషంతో వచ్చిందంటే నాకు చెప్పాలనే వచ్చింది. అటూ ఇటూ చూడకుండా పరుగెత్తింది నాకోసమే. ఇది ఇంకా బరువుగా ఉంది. కానీ దీన్ని మొయ్యబుద్ధవుతోంది. ఆ మొదటిదాన్ని ఎప్పుడూ అవతల పడేద్దామనే ఉండేది.

నిన్న బల్ల ముందు కూర్చునే కునుకు పట్టింది. అది వచ్చింది. ఏమీ అనలేదు. అనాల్సింది అయిపోయినట్టుంది. వెళ్ళిపోతుందేమో అని నాకు భయం వేసింది. ఇన్నేళ్ళూ పొమ్మన్నవాణ్ణి.

రెండు పనులు చెయ్యి. గొడుగు కప్పని తిరిగి పంపుతున్నాను, మిగతావాటితో కలిపి కవర్లో పెట్టు. ఆ కవరు మీద గుడి నువ్వే పెట్టు. నాకు గీత సరిగ్గా కుదరదు. మీ ఆఫీసులో వాడే ఎర్ర సిరాతో పెట్టు. చెరగనిది.

కోడి నోటు ఆ పాప దగ్గర్నుంచి అడగొద్దు. రంగేసిన అక్క వస్తే ఇస్తానందిగా. ఉండనీ. ఆ అక్క కోసం ఎదురుచూసే మనిషి మన ఇంట్లో వాళ్ళు కాక ఇంకొకరు ఉండడం బాగుంది.

వచ్చే వారం నాకు కంటి ఆపరేషను. కట్టు విప్పాక మొదట ఎవరి మొహం చూస్తారు అని డాక్టరు హాస్యమాడాడు. చెల్లిని రమ్మను. తిట్టడానికి పిలుస్తున్నానని చెప్పు.

మామయ్య


జూలై 12

మామయ్యా,

రాసింది రాసినట్టు చదివి వినిపించాను. "చెల్లిని రమ్మను" దగ్గర అమ్మ, "ఎవరిని?" అంది. మళ్ళీ చదివాను. "ఇంకోసారి" అంది. మూడోసారి చదివాక లేచి పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టింది. ఆదివారం బండికి వస్తున్నాం, ఇద్దరమూ. ఆఫీసుకి మళ్ళీ సెలవు అడిగాను. ఈసారి అడిగినంత ఇచ్చారు, భయం వేసింది.

గుడి పెట్టాను. ఒక గుడి పెట్టడానికి పావుగంట పట్టింది. పదీ, గొడుగు కప్పా లోపల ఉన్నాయి. నీ బొటనవేలి చోటు అలాగే ఉంది, ఈసారి పక్కన పట్టుకో.

నీ బిల్డింగు సగం పడిపోయింది. పై గది గోడ ఒకటి ఇంకా నిలబడి ఉంది, నీ నూనె మరకతో సహా, ఎండలో. ఎదుట తాళాలాయన నీ కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు.

అక్కడిదాకా వెళ్ళాను కదా అని ప్లేస్కూలుకి కూడా వెళ్ళాను. పాప నన్ను చూడగానే జేబు మీద చెయ్యి వేసుకుంది. నోటు అడగడానికి రాలేదని చెప్పాను.

"మరి ఆ అక్క రాలేదా?" అంది.

"లేదు."

"ఎక్కడికెళ్ళింది?"

ఏం చెప్పాలో ముందుగా ఏమీ అనుకోలేదు మామయ్యా. నోటికి అదే వచ్చింది. "దుకాణానికి" అన్నాను.

పాప జేబులోంచి కోడి నోటు తీసి, మడత సరిచేసి, మళ్ళీ లోపల పెట్టుకుంది. "అయితే వచ్చేస్తుంది" అని, గేటు కనిపించే వైపుకి తిరిగి కూర్చుంది.

ఆదివారం కలుద్దాం.

నీ
గాలిపటం